హైదరాబాదు పోలీసు ఫుట్‌బాల్ జట్టు: ఒక దూరాభిమాని వ్రాసిన చరిత్ర

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాసము వ్రాయబూనినవారికి మన ప్రాంతమున విషయములకు కొదువ లేదు. కొనాడ రేవును గూర్చియు, చంపావతీనదిని గూర్చియు, విజయనగర సంస్థానమును గూర్చియు నాకంటె చక్కగ నెఱిగిన పెద్దలు ఈ సంచికయందే వ్రాయుచున్నారు. కావున సంపాదకవర్గమువారు నన్నుగూడ నేదైన వ్రాయుమని కోరినపుడు, నన్ను గూర్చి ఊరిలో పదిమందియు నెఱిగిన విషయమునే యెన్నుకొంటిని. సంతకు పోయినను, పెండ్లికి పోయినను, ఎవరినైన పరామర్శింప బోయినను ఫుట్‌బాల్ ప్రసంగము తేక మానడని నాకొక అపకీర్తి కలదు. ఆ అపకీర్తికి లిఖితసాక్ష్యమును నేనే సమకూర్చుచున్నాను.

నా జట్టు హైదరాబాదు నగర పోలీసు జట్టు. ఊరు ఉత్తరాంధ్ర సముద్రతీరమున నున్నది. జట్టు దక్కను పీఠభూమి మీద నుండెడిది. నడుమ ఆఱువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆ జట్టు మహోన్నతదశయందు ఆడిన ఆటను నేను కన్నులార చూచినవాడను గాను. పత్రికలలో చదివితిని, పెద్దలు చెప్పగా వింటిని. అయినను నాటినుండి నేటివఱకు అదియే నా జట్టు. చూడని జట్టుపై ఇంత మమకారమేమని నవ్వువారు కలరు. చూడని దేవునికి కొబ్బరికాయ కొట్టువారే ఆ నవ్వువారిలో నెక్కువ.

ఈ మమకారమున నొక చిక్కున్నది. 1950లో ఆ జట్టు దేశమంతట పేరెక్కినపుడు మన భోగాపురము మదరాసు రాష్ట్రమున నుండెను. హైదరాబాదు వేఱొక రాష్ట్రము. 1953 అక్టోబరు 1న మనము ఆంధ్రరాష్ట్రమున చేరితిమి. హైదరాబాదు అప్పుడును వేఱే. 1956 నవంబరు 1న రెండును కలిసి ఆంధ్రప్రదేశమయ్యెను. అప్పుడా జట్టు మనదయ్యెను. 2014 జూను 2న మరల విడిపోతిమి. ఆ నగరము తెలంగాణమునకు రాజధానియై నిలిచినది. ఈ లెక్కను బట్టి నేను బాల్యమున పరాయి జట్టును, యౌవనమున సొంత జట్టును, వార్ధక్యమున మరల పరాయి జట్టును అభిమానించినవాడను కావలెను. నా మనస్సుకు మాత్రము ఆ మార్పు ఏనాడును తెలియలేదు. ఏల తెలియలేదో చెప్పవలెనన్న జట్టు చరిత్రను మొదటినుండి చెప్పక తప్పదు.

ఈ యాటను కొందఱు పండితులు పాదకందుకక్రీడ యని తెలిగించిరి. పదము సలక్షణముగానే యున్నది గాని, మైదానమున నిలిచి అట్లు పలికినవానిని నేనింతవఱకు చూడలేదు. కావున ఫుట్‌బాల్ అనియే వ్రాయుచున్నాను.

మన దేశమున పెద్ద పోటీలు తెల్లవారి పటాలములకొఱకు పుట్టినవి. డ్యూరాండు కప్పు 1888లో సిమ్లాయందును, రోవర్సు కప్పు 1891లో బొంబాయియందును ఆరంభమయ్యెను. 1911లో కలకత్తాయందు మోహన్ బగాను జట్టువారు ఈస్టు యార్కుషైరు పటాలమును రెండు గోలులకొకటిగా ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినప్పటినుండి ఈ యాట వంగదేశమున స్వాతంత్ర్యోద్యమమునకు తోబుట్టువైనది. హైదరాబాదున కథ వేఱు. అచ్చట ఆట నైజాము కాలమున బడులలోను, పటాలములలోను, పోలీసు శాఖలోను పెరిగినది. నగర పోలీసు జట్టునకు తొలిదినములలో సిటీ ఆఫ్ఘన్సు అని పేరు. 1943లో బెంగుళూరున ఆష్ బంగారు కప్పు పోటీలో ఈ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించినది. ఓడిన జట్టులో డెనిస్ కాంప్టన్ ఆడియుండెను. ఇంగ్లండు క్రికెట్టులోను, ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టులోను సమానముగ పేరొందిన ఆటగాడతడు. ఆ దినమున నగర పోలీసుల పేరు తమ నగరము దాటి వినబడినది.

తరువాతి కథకు నాయకుడు బడిపంతులు. ఈ మాట నేను కొంత గర్వముతో వ్రాయుచున్నాను, నేనును ఆ వృత్తిలోనే తల నెరసినవాడను గనుక. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పాఠశాలలయందు ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియు, 1950లో నగర పోలీసు జట్టునకు శిక్షకుడు నయ్యెను. ఆ 1950లోనే జట్టు రోవర్సు కప్పును, డ్యూరాండు కప్పును గెలిచెను. డ్యూరాండు తుది పోటీలో నెదిరి మోహన్ బగాను. మొదటి ఆట రెండు రెండు గోలులతో సరిసమానము. మరల ఆడినపుడు పోలీసులు ఒక గోలుతో గెలిచిరి. స్వాతంత్ర్యానంతరము జరిగిన మొదటి డ్యూరాండు అదియే. రెండేండ్ల క్రిందటనే, 1948 సెప్టెంబరులో, ఆ సంస్థానము భారతదేశమున విలీనమైనది. ఆ కలవరము చల్లాఱకముందే అచ్చటి సామాన్య పోలీసులు బంతిని తన్నుచు వచ్చి బొంబాయిని, కలకత్తాను ఓడించి పోవుట చిన్న సంగతి కాదు.

రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు ఐదేండ్లు వరుసగా వారే గెలిచిరి. పిదప 1957లోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరు వచ్చిన తరువాత 1960లోను, 1962లో ఈస్టు బెంగాలుతో సమముగను, 1963లోను గెలిచిరి. డ్యూరాండు కప్పు 1950, 1954, 1957, 1961 సంవత్సరములలో వారిది. నూర్ మహమ్మద్, అజీజ్, మొయిన్, లాయిఖ్, సూసై, జుల్ఫికరుద్దీన్, యూసఫ్ ఖాన్ — ఈ పేర్లను నేను మా బడిలో ఎక్కములతోపాటు వల్లించినవాడను. ఎక్కములలో పదునేడవది నాకిప్పటికిని తడబడును.

ఇక ఆటతీరును గూర్చి నా అభిప్రాయము. నాడు సాధారణముగ బంతి చేతికి, కాదు, కాలికి చిక్కిన ఆటగాడు దానిని విడువక నలుగురిని తప్పించి తన ప్రజ్ఞను చూపుటకు ముచ్చటపడెడివాడు. చూపఱులును దానికే చప్పట్లు కొట్టెడివారు. రహీం ఆ ముచ్చటకు ముకుదాడు వేసెను. ఆయన జరిపించిన కొన్ని పోటీలు విచిత్రమైనవి. ఒకదానిలో బంతితో పరుగెత్తి ఎదిరిని తప్పించుట నిషిద్ధము. అందుకొనుట, అందించుట మాత్రమే కలవు. ఇంకొకదానిలో బలహీనమైన కాలితోనే తన్నవలెను. మఱియొకటి ఐదడుగులకు మించని కుఱుచవారికి మాత్రమే. తొందరపడి నవ్వవలదు. మొదటిది ఆటగానికి తోటివాడెచ్చటనున్నాడో చూచు కన్ను నిచ్చును. రెండవది రెండవ కాలు నిచ్చును. మూడవది, దేహదార్ఢ్యము లేదని వెనుకకు నెట్టబడు పిల్లవానికి చోటిచ్చును.

రెండవదానిని నేను పరీక్షించి చూచితిని. ఉపాధ్యాయుడనుగా నున్న దినములలో పిల్లలను రెండు జట్లుగ చేసి ఎడమకాలితోనే ఆడవలెనని కట్టడి చేసితిని. మొదటి దినమున గోలు మాట అటుంచి, నిలువునా పడినవారే యెక్కువ. బంతియని చెప్పుకొన్నది గుడ్డపేలికలు చుట్టి పురికొసతో కట్టినది. అదియు వారి అవస్థ చూచి విడిపోయినది. పదునైదు దినములు గడచునప్పటికి ఇద్దఱు ముగ్గురు పిల్లలకు ఏది కుడికాలో ఏది యెడమకాలో మనకు తెలియకుండ పోయినది. ఆ మైదానమును కొన్నేండ్లకు వేఱొక పనికై కట్టడములక్రింద తీసికొనిరి. ఎవరు తీసికొనిరో ఇచ్చట ప్రస్తుతము కాదు. ఆ పిల్లలు తరువాత చెడుగుడులో రాణించిరి.

రహీం పద్ధతిని మన ఊరివారికి బోధపఱచుట నాకు కష్టమనిపించలేదు. ముక్కాము, చేపలకంచేరు తీరమున అలివివల లాగువారిని చూడుడు. వలకు రెండు చెంతల రెండు త్రాళ్లు. ఒక్కొక్క త్రాటికి ఒక్కొక్క గుంపు. ఒక గుంపు తన బలము చూపదలచి ముందుగ లాగినచో వల వంకరయై చేప జాఱిపోవును. ఇరువైపుల వారును ఒకరి అడుగు నొకరు కనిపెట్టుచు, మెల్లమెల్లగ దగ్గఱకు జరుగుచు లాగవలెను. వారిలో గొప్పవాడెవడని యెవరును అడుగరు. చేప పడినదా లేదా యనియే అడుగుదురు. పోలీసు జట్టు ఆట అట్టిది. పత్రికలో గోలు వేసినవాని పేరొక్కటే పడెడిది. ఆ గోలునకు ముందు బంతి ఎందఱి కాళ్లను తాకి వచ్చినదో మేము ఊహించుకొనెడివారము. దూరాభిమానికి ఊహయే మైదానము.

ఆ ఆటగాండ్ర జీవనమును గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. వారు పోలీసు కొలువులలో నుండి ఆడినవారు. ఆ దినములలో మన దేశమున ఆట పేర జీతము పుచ్చుకొను ఏర్పాటు లేదు. కొలువే జీతము, కొలువే భద్రత. బీదయింటి పిల్లవానికి ఫుట్‌బాల్ వలన నెలకింత యని స్థిరమైన ఆదాయము వచ్చుటకు హైదరాబాదున నున్న మార్గములలో పోలీసు శాఖ ముఖ్యమైనది. ఆటగాని తల్లికి కప్పుకంటె ఆ నెలజీతమే గొప్పది. ఈ సంగతి మఱచి, ఫలానావాడు జట్టును విడిచి పోయెనని తిట్టుట సులువు. నేనును యౌవనమున తిట్టినవారిలో గొంతు కలిపితిని.

తిట్టినది ముఖ్యముగ తులసీదాస్ బలరాంను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడయందు 1936లో జన్మించి, రహీం కంటబడి, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయిన యువకుడాతడు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్టు బెంగాలులో చేరెను. ఆ సంవత్సరపు డ్యూరాండు తుది పోటీలోనే మా పోలీసులు ఈస్టు బెంగాలును రెండు గోలులకొకటిగా ఓడించిరి గనుక నా కోపము కొంత చల్లాఱినది. బలరాం 1960లో రోము ఒలింపిక్సున హంగేరీ మీదను, పెరూ మీదను గోలులు వేసెను. అనారోగ్యముచే 1963లోనే ఆట విరమించెను. చివరివఱకు వంగదేశముననే నివసించి 2023 ఫిబ్రవరి 16న మరణించెను. అతడు ఈస్టు బెంగాలుకు పోకుండిన నా మనస్సుకు హాయిగ నుండెడిది. అతని బ్రదుకునకు ఏమగునో చెప్పజాలను.

కలకత్తా మాట వచ్చినది గనుక మా మేనమామను గూర్చి చెప్పక తప్పదు. ఉత్తరాంధ్రమునుండి తూర్పునకు పోవు రైలుబండిని ఆశ్రయించి ఖరగ్‌పూరు, కలకత్తా వెళ్లి బ్రదికినవారు ప్రతి ఊరిలోను కలరు. ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారమున తెలుగువారి సంఖ్య ఎంతటిదనగా అచ్చటి వీధులలో తెలుగు మాట వినబడని గడియ లేదు. మా మేనమామ అచ్చటనే పనిచేసెను. సెలవులలో కలకత్తా మైదానమునకు పోయి చూచి చూచి ఈస్టు బెంగాలు పక్షమువాడయ్యెను. సంక్రాంతికి వచ్చినపుడు ఆయన ప్రత్యక్షముగ చూచిన ఆటను వర్ణించెడివాడు. నేను చదివిన ఆటను వర్ణించెడివాడను. ఆయన వర్ణనలో ధూళియు, వానయు, గొడుగులును ఉండెడివి. నా వర్ణనలో అంకెలే యుండెడివి. మా అమ్మ ఇద్దఱిని అరిసెల పళ్లెము చూపి మాన్పించెడిది.

1961 నాటి డ్యూరాండు తుది పోటీలో ఆంధ్ర పోలీసులు మోహన్ బగానును ఒక గోలుతో ఓడించిరి. ఫలితము పత్రికలో చదివి ఆ దినముననే మేనమామకు కార్డు వ్రాసితిని. కలకత్తావారిని మా కానిస్టేబుళ్లు పట్టి లోపలవేసిరని వ్రాసినట్లు జ్ఞాపకము. ఆయన ప్రత్యుత్తరము వెంటనే వచ్చినది: “అల్లుడా, నీ కార్డు చూచి నాకంటె ఇచ్చట మా పక్షమువారందఱును ఎక్కువ సంతోషించిరి, మోహన్ బగాను ఓడినయెడల మాకు పండుగ గాని దుఃఖమేమి?” కలకత్తాలోని కలహములు ఇంత లోతైనవని నాకప్పుడే తెలిసినది.

ఇక రహీం చేసిన పెద్దపని దేశపు జట్టునకు సంబంధించినది. 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో ఇరానును ఒక గోలుతో ఓడించి మన దేశము స్వర్ణపతకము గెలిచెను. మేవాలాల్ ఆ గోలు వేసెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో పది గోలులకొకటిగా ఓడితిమి. చలిలో, తడినేలపై, మనవారిలో పలువురు పాదరక్షలు లేకయే ఆడిరి. 1956లో మెల్బోర్నున ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను నాలుగు గోలులకు రెంటిగా ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోలులు వేసెను. ఆ ఒలింపిక్సున మనకు నాలుగవ స్థానము. ఆ జట్టులో నూర్, అజీజ్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదు వారుండిరి. ఆ 1956లోనే సంతోష్ ట్రోఫీయును హైదరాబాదు గెలిచెను. మఱుసటి యేడును గెలిచెను. రాష్ట్రము పేరు మాఱినను ఆట సంఘములు వెంటనే ఏకము కాలేదు. 1959లో గాని హైదరాబాదు సంఘమును ఆంధ్ర సంఘమును కలియలేదు. ప్రభుత్వములు కలిసిన మూడేండ్లకు బంతులు కలిసినవన్నమాట.

1962 జకార్తా ఏషియా క్రీడలు ఈ కథకు శిఖరము. ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకుండుటను మన ప్రతినిధి ఆక్షేపించుటచే అచ్చటి జనము మన వారిపై మండిపడుచుండెను. మొదటి ఆటలో కొరియా మనలను రెండు గోలులతో ఓడించెను. పిదప థాయిలాండును నాలుగు గోలులకొకటిగను, జపానును రెండు గోలులతోను, దక్షిణ వియత్నామును మూడు గోలులకు రెంటిగను గెలిచి తుది పోటీకి వచ్చిరి. రక్షకుడైన జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లుపడియుండెను. అతనిని రహీం రక్షణపంక్తినుండి తెచ్చి ముందుపంక్తిలో నిలిపెను. సెప్టెంబరు 4న లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకముగ అఱచుచుండగా పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ గాయపడిన జర్నయిల్ సింగు ఒక గోలు వేసిరి. కొరియాకు ఒకటే. మా పోలీసులలో యూసఫ్ ఖాన్ ఆ జట్టున నుండెను. హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్ గోల్‌కీపరు. అప్పటికే రహీం క్యాన్సరు రోగమున నుండెను. 1963 జూను 11న మరణించెను. ఏబదినాలుగేండ్లు నిండలేదు. అటుపిమ్మట ఏషియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు స్వర్ణపతకమును చూచియెఱుగదు. 1970లో బ్యాంకాకున కాంస్యము వచ్చినపుడు నాయకుడు హైదరాబాదువాడే, సయ్యద్ నయీముద్దీన్.

జకార్తా వార్త వచ్చినపుడు నేను విజయనగరమున చదువుకొనుచుంటిని. పత్రికను చదువుటకు వంతు వచ్చునప్పటికి సాయంకాలమయ్యెను. ఆ పుట అప్పటికే పదిమంది చేతుల చెమటతో నలిగియుండెను. మన పల్లెలలో పఠనమందిరములు లేని కాలమున వార్తకు గల విలువ నేటి పిల్లలకు చెప్పిన నమ్మరు. ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లుగ నిలిపినవారి శ్రమను నేను ముఖ్యముగ ఆ నలిగిన పుటతో కొలుచుకొందును. క్రీడాపుటను ముందుగ ఎవరో చింపుకొని పోవుచున్నారన్న ఫిర్యాదు నాపై నుండుట అన్యాయము.

రహీం పోయిన తరువాత జట్టు ఒక్కసారిగ కూలలేదు. 1963 రోవర్సు గెలిచిరి. 1965–66లో కొల్లమున జరిగిన సంతోష్ ట్రోఫీ తుది పోటీలో ఆంధ్రప్రదేశము వంగదేశమును ఓడించెను. మొదట ఒకటి ఒకటిగ సమమై, మరల ఆడినపుడు ఒక గోలుతో గెలుపు. మన రాష్ట్రమున కదియే గర్వకారణము, అదియే నష్టకారణము. ఓడిన కలకత్తావారు గెలిచిన వారిని కనిపెట్టిరి. 1966లో మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ ఈస్టు బెంగాలులో చేరిరి. హబీబ్ పదునేడేండ్లకు పైగా కలకత్తాయందు ఈస్టు బెంగాలు, మోహన్ బగాను, మహమ్మడన్ స్పోర్టింగు మూటికిని ఆడి, అచ్చటి జనముచే “బడే మియా” యనిపించుకొనెను. 1977 సెప్టెంబరు 24న పేలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టుతో మోహన్ బగాను రెండు రెండుగ సమము చేసినపుడు ఒక గోలు హబీబుది. 2023 ఆగస్టు 15న హైదరాబాదున మరణించెను.

1966లో మా మేనమామ వ్రాసిన కార్డులో ఉపహాసము లేదు. హబీబు ఆటను చూచివచ్చి, ఇంతవఱకు నీవు చెప్పినదంతయు అతిశయోక్తి యనుకొంటినని మాత్రము వ్రాసెను. ఆయన తన జట్టని చప్పట్లు కొట్టినది మా హైదరాబాదు పిల్లలకే గదా యని నేను లోలోపల తృప్తిపడితిని. ఆ తృప్తి ఓడిపోయిన అభిమానులు చేసికొను సొంత వైద్యము.

జట్టు ఏల క్షీణించెనని పలువురు పలు కారణములు చెప్పుదురు. కలకత్తా ధనమని కొందఱు, రహీం మరణమని కొందఱు, క్రికెట్టు వ్యామోహమని మఱికొందఱు. నా అభిప్రాయమున రహీం మరణముకంటె, రహీం నడపిన చిన్న పోటీలు ఆగుట పెద్ద దెబ్బ. పెద్ద ఆటగాండ్రు ప్రతి కాలమునను వలసపోవుచునే యుందురు. క్రిందినుండి పిల్లలు వచ్చుచుండినంతకాలము ఆ వలస వలన జట్టు చావదు. వరినాట్లకు ఆకుమడి ఎట్టిదో జట్టునకు వీథి మైదానము అట్టిది. నగరము పెరిగి వీథి మైదానములను మింగివేసినది. ఎదిగిన చేను పరులు కోసికొనిపోయిరని ఏడ్చువారు ఆకుమడి ఎండిపోయిన సంగతి చూడలేదు.

మన ఉత్తరాంధ్రమున ఈ యాట వేళ్లు తన్నకపోవుటయు నాకు చింతనీయమే. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు బలప్రదర్శనలతో దేశవిదేశములను మెప్పించెను. నెల్లిమర్ల చెంత కొండవెలగాడ బరువులెత్తువారి గ్రామమని పేరొందినది. శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీయందు 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము తెచ్చినది. అనగా ఒంటరిగ బలము చూపు విద్యలలో మనకు లోటులేదు. పదునొకండుగురు కలిసి ఆడు విద్యలో మాత్రము వెనుకబడితిమి. ఇసుకలో పరుగెత్తి కాళ్లు గట్టిపడిన ముక్కాము కుఱ్ఱలను చూచినప్పుడెల్ల రహీం ఒక్క పర్యాయము ఈ తీరమునకు వచ్చియుండిన బాగుండెడిదని అనుకొందును. 2020లో విశాఖపట్టణము పేర శ్రీనిధి అను జట్టునకు ఐ-లీగున ఆడుటకు అనుమతి లభించినపుడు నాకు ప్రాణము లేచివచ్చినది. ఆ జట్టు స్థావరము కడకు హైదరాబాదే అయ్యెను.

హైదరాబాదునకు మాత్రము మంచికాలము వచ్చినదా? 2019లో పూనా జట్టు మూతపడిన స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. అను నూతన జట్టు పుట్టెను. 2022 మార్చి 20న గోవాయందు కేరళ జట్టుతో ఒకటి ఒకటిగ సమమై, పెనాల్టీలలో మూటికొకటిగ గెలిచి దేశపు ప్రధాన లీగున విజేతయయ్యెను. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పాత పోలీసు జట్టునకు వారసుడు దొరికెనని మా యింటివారికి ప్రకటించితిని. పిదప రెండేండ్లలోపుననే జీతముల బాకీలును, ఆటగాండ్ర నిష్క్రమణములును. 2025లో ఆ జట్టు చేతులు మాఱి, పేరు మాఱి, ఢిల్లీకి తరలిపోయెను. 2024లో రహీం జీవితమును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చి దేశమంతయు ఆయన పేరు వినినది. మఱుసటి యేడే ఆయన నగరమున పెద్ద లీగు జట్టు లేకుండపోయినది.

జట్టు ఊరు విడిచిపోవుటయు, ఊరు రాష్ట్రము విడిచిపోవుటయు నాకు ఒకటిగ తోచవు. 2014లో గీత మాఱినపుడు నాకేమియు తెగలేదు. 1950లో నూర్ మహమ్మద్ ఆడినపుడును నేను ఆ రాష్ట్రమువాడను కాను. పత్రికలో ఆ ఫలితము చదివి మా వీథి పెద్దలు సంతోషించినప్పుడును కారు. రాష్ట్రము కలిసినందున పుట్టిన అభిమానము కాదు గనుక అది విడిపోయినందున పోవలసిన పనియు లేదు. ఢిల్లీకి తరలిన జట్టు సంగతి వేఱు. అది అమ్మకపు సరుకు. కొన్నవాడు బండికెక్కించి తీసికొనిపోయెను. గచ్చిబౌలి మైదానమున రంగుల చొక్కాలు ధరించి అఱచిన ఆ యువకులు ఇప్పుడెవరికొఱకు అఱవవలెను? వారు ఢిల్లీ జట్టును అనుసరింపవలెనని చెప్పుటకు నాకు నోరు రాదు. పోలీసు జట్టును ఎవరును కొనలేదు, ఎవరును అమ్మలేదు. పిల్లలు రాక అది తనంత తాను పలుచబడినది. రెంటిలో ఏది తక్కువ బాధాకరమో నిర్ణయించుకొనలేక యున్నాను.

మొన్న సంక్రాంతికి మేనమామ మనుమని కుమారుడు ఖరగ్‌పూరునుండి వచ్చియుండెను. పండ్రెండేండ్లవాడు. చొక్కామీద అర్జెంటీనా చారలు, వీపున మెస్సీ పేరు. ఈస్టు బెంగాలు ఎట్లాడుచున్నదిరా యని అడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, మా ముత్తాత చెప్పెడివాడట, హబీబ్ అని ఒకడుండెనట, అతడు మీ వాడా మా వాడా యని నన్నే తిరిగి యడిగెను. అరిసెల పళ్లెము వచ్చునప్పటికి ఇంకను ఆ లెక్క తేలలేదు.